జీవితాంతం తీసిన ఫోటోలు: ఏవి ఉంచాలి, ఏవి వదిలేయాలి, ఎలా దాచాలి?

పాతరీలు:

నమస్కారం అండీ అందరికీ. స్కూల్లో చదివేటప్పుడు మా మేనమామ తన పాత కెమెరా నా చేతికిచ్చాడు, అదిగో అప్పుడు పట్టుకున్న పిచ్చి, రిటైరైనా వదల్లేదు. ఫోటోగ్రఫీ నా వృత్తి కాదు, డబ్బులు తీసుకుని ఒక్క ఫోటో కూడా తీసింది లేదు, కానీ ఇంట్లో ఎవరు పుట్టినా, ఎవరు వచ్చినా, ఎవరు ఊరెళ్తున్నా నా మెడలో కెమెరా ఉండాల్సిందే. రీలుకి ముప్పయ్యారే వస్తాయి కాబట్టి ఒక్కోటీ లెక్క చూసుకుని నొక్కిన రోజుల నుంచి, ఫోన్లో ఒకే మొహాన్ని పదిసార్లు నొక్కి అందులో ఏది బాగుందో కూడా చూడని ఈ రోజుల దాకా వచ్చాం.

ఇప్పుడు ఇవన్నీ పేరుకుపోయాయి. ఆల్బమ్‌లు, కవర్లలో ప్రింట్లు, నెగటివ్‌లు, ఒక డబ్బా నిండా స్లైడ్లు, సీడీలు, హార్డ్ డిస్కులు, పాత ఫోన్లు. మా ఆవిడ "ఎవరు చూస్తారండీ ఇవన్నీ" అంటుంది. మా అబ్బాయేమో "అన్నీ స్కాన్ చేసి క్లౌడ్‌లో పడేయండి నాన్నా, అయిపోతుంది" అంటాడు, అదేదో ఒక మధ్యాహ్నం పని అన్నట్టు.

నా డౌట్లు ఇవి. మా అమ్మ చిన్నప్పటి బ్లాక్ అండ్ వైట్ ఫోటో ఇప్పటికీ చెక్కుచెదరలేదు, దానికన్నా ఎన్నో ఏళ్ళ తర్వాత నేను తీసిన కలర్ ప్రింట్లు మాత్రం ఎర్రగా తిరిగిపోయాయి, ఎందుకని? ఒక ఫోటో ఫ్రేమ్ అద్దానికి అతుక్కుపోయింది, ఎలా తీయాలి? మొత్తం స్కాన్ చేయాలా, ఏరుకోవాలా? ఇంకోటి, ఇది టెక్నికల్ కాదు, మొన్న ఒక ఫ్రెండు "నువ్వు జీవితమంతా కెమెరా వెనకే ఉన్నావురా, ఏదీ సరిగ్గా చూడలేదు" అన్నాడు. సరదాకే అన్నాడు కానీ నాకు గుచ్చుకుంది. నిజమేనంటారా?

ల్యాబ్‌మనిషి:

సార్, నేను కలర్ ల్యాబ్‌లో చాలా ఏళ్ళు పనిచేశాను, డిజిటల్ వచ్చాక అది మూతపడింది, అది వేరే కథ. మీ ప్రశ్నలకి వస్తా.

బ్లాక్ అండ్ వైట్ ప్రింట్‌లో బొమ్మంతా వెండే. సన్నటి వెండి రేణువులు. ఫిక్సర్ (బొమ్మ చెరిగిపోకుండా నిలబెట్టే మందు) సరిగ్గా వేసి, నీళ్ళలో బాగా కడిగి ఉంటే అది వందేళ్ళైనా ఉంటుంది. కలర్ ప్రింట్‌లో వెండి మిగలదు, కడిగేటప్పుడే తీసేస్తారు, చివరికి ఉండేది మూడు రంగుల పొరలే, సయాన్, మెజెంటా, పసుపు. పాతకాలం కలర్ పేపర్లలో ఈ సయాన్ అనే నీలిరంగు చాలా బలహీనం, ఆల్బమ్‌లో చీకట్లో మూసిపెట్టినా కూడా అదే ముందు పోతుంది. అది పోతే మిగిలేది ఎరుపే కదా. మీరు సరిగ్గా దాచలేదని కాదు, ఆ పేపర్ తత్వమే అంత. వేడి, తేమ ఉంటే ఇంకా తొందరగా పోతుంది.

అందుకే ముందు ప్రింట్లు వదిలేసి నెగటివ్‌లు తీయండి. చాలాసార్లు ప్రింట్ ఎర్రబడ్డా దాని నెగటివ్ బానే ఉంటుంది. నెగటివ్ లేకపోయినా కంగారు పడక్కర్లేదు, సయాన్ తగ్గిందే తప్ప పూర్తిగా పోయి ఉండదు, స్కానర్ సాఫ్ట్‌వేర్‌లో రంగులు సరిచేసే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కితే ఆశ్చర్యపోయేంత తిరిగొస్తుంది.

కవర్లు విప్పగానే వాసన చూడండి. వెనిగర్ లాంటి పుల్లటి వాసన వస్తే ఆ ఫిల్మ్ పాడవడం మొదలైందని అర్థం. అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్మ్ పాడవుతూ ఎసిటిక్ ఆసిడ్ వదుల్తుంది, ఆ ఆవిరి పక్కనున్న ఫిల్మ్‌ని కూడా తినేస్తుంది. అలాంటివి వెంటనే విడిగా పెట్టి, ముందు వాటినే స్కాన్ చేయండి, ఎందుకంటే అది ఆగదు, నెమ్మదిస్తుందంతే. తర్వాత ఫిల్మ్ ముడుచుకుపోతుంది, ఇక స్కానర్‌లో పట్టదు.

అద్దానికి అతుక్కున్నది దయచేసి లాగొద్దు. తేమ తగిలి ఫోటో మీదున్న జెలటిన్ పొర అద్దానికి కరుచుకుంది, లాగితే మొహం అద్దం మీద ఉండిపోతుంది, కాగితం మీ చేతికొస్తుంది. అద్దంతో సహా స్కానర్ మీద బోర్లా పెట్టి స్కాన్ చేయండి. అంటుకునే పేజీల ఆల్బమ్‌లు ఉంటాయి చూడండి, పైన ప్లాస్టిక్ షీట్ ఎత్తి ఫోటో అతికించేవి, అవి ఫోటోలకి శత్రువులు. తేలిగ్గా వస్తే తీయండి, రాకపోతే పళ్ళు శుభ్రం చేసుకునే దారం ఫోటో కిందనుంచి మెల్లగా జరుపుతూ విడదీయండి, అప్పటికీ రాకపోతే పేజీ పేజీగా స్కాన్ చేసి వదిలేయండి.

రబ్బరు బ్యాండ్లు, పిన్నులు, క్లిప్పులు తీసేయండి. కొత్త ప్లాస్టిక్ వాసన ఘాటుగా వచ్చే పీవీసీ కవర్లు వద్దు, పాలీప్రొపిలీన్ గానీ పాలియెస్టర్ గానీ అయితే పర్లేదు. అటక మీద అసలు పెట్టకండి, ఇంట్లో అన్నిటికన్నా వేడెక్కేది అదే.

స్కానింగ్ రిజల్యూషన్: ప్రింట్‌కి 600 డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు అని) చాలు. 4 బై 6 అంగుళాల ప్రింట్ 600లో చేస్తే 2400 బై 3600 పిక్సెల్స్ వస్తుంది, ప్రింట్‌లో అంతకన్నా వివరం ఉండదు. నెగటివ్ అయితే చిన్నది కదా, 24 బై 36 మిల్లీమీటర్లే, దానికి 2400 నుంచి 4000 దాకా పెట్టండి. స్కానర్‌లో దుమ్ము, గీతలు తీసేసే ఇన్‌ఫ్రారెడ్ ఆప్షన్ ఉంటే కలర్ నెగటివ్‌లకి వాడండి, మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి మాత్రం ఆపేయండి, వెండి ఇన్‌ఫ్రారెడ్‌ని కూడా అడ్డుకుంటుంది కాబట్టి బొమ్మనే దుమ్ము అనుకుని చెరిపేస్తుంది.

ఖాళీఅర:

ఎవరూ అనరు కాబట్టి నేనంటా. ముప్పావు వంతు పారేయండి సార్. సూర్యాస్తమయాలు, పూలు, కొండలు, జూలో ఏనుగు, ఇవి మీ మనవలు ఎందుకు చూస్తారు, అంతకన్నా మంచివి ఫోన్లో ఒక్క నిమిషంలో దొరుకుతాయి. ఏడాదికి ఒక డజను ఏరండి. మా ఇంట్లో పెద్దవాళ్ళు ఇలాగే ట్రంకు పెట్టెల నిండా వదిలేసి వెళ్ళారు, అందులో మంచివి చెత్త కింద నలిగిపోయాయి, తెరిచే ఓపిక ఎవరికీ లేక. అన్నీ దాచడమంటే ఏదీ దాచకపోవడమే అని నా అభిప్రాయం. తిట్టుకోండి పర్లేదు.

చివరివరుస:

ఖాళీఅర గారూ తిట్టను కానీ సగమే ఒప్పుకుంటా.

పాతరీలు గారూ, మా నాన్న అచ్చం మీలాగే. ఆయన పోయాక ఆ పెట్టెలు నాకొచ్చాయి. ఫోటోలు ఒక్కటి కూడా పాడవలేదు, అంత జాగ్రత్తగా పెట్టుకున్నారు, ఒక్కో కవరు మీద తారీకు, ఏ ఫిల్మ్ వాడారు, అపర్చర్ ఎంత, అన్నీ రాసుకున్నారు. ఫోటోలో ఎవరున్నారో మాత్రం ఎక్కడా లేదు! ఆయనకి తెలుసు కదా, ఇంక రాయడం దేనికి. ఒక ఫోటోలో ఒకావిడ నన్ను ఎత్తుకుని నవ్వుతోంది, నేను ఆవిడ మెడ పట్టుకుని ఉన్నా, అంటే బాగా చనువున్న మనిషే అయ్యుండాలి, ఎవరో ఇవాళ్టికీ తెలీదు. మా పెద్దమ్మకి తెలిసుండేదేమో, అడుగుదామనుకునేసరికి ఆవిడా లేదు.

కాబట్టి స్కానర్ కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది, పేర్లు రాయండి. ఎవరు, ఎవరికి ఏమవుతారు, ఎక్కడ, సుమారు ఏ సంవత్సరం. "పిన్ని" అని రాయకండి, మీ పిన్ని మీ మనవరాలికి ఎవరో తెలీదు, పూర్తి పేరు రాయండి. పాత ప్రింట్ వెనక మెత్తటి పెన్సిల్‌తో అంచు దగ్గర, నొక్కకుండా రాయాలి, బాల్ పెన్ను వద్దు, ముందుకి అచ్చు పడిపోతుంది. కలర్ పేపర్ వెనక ప్లాస్టిక్ పూత ఉంటుంది, పెన్సిల్ పడదు, వాటికి ఒక నంబర్ ఇచ్చి విడిగా నోట్‌బుక్‌లో రాసుకోండి.

అన్నీ రాయలేరు, తెలుసు. ఇంకో పద్ధతి ఉంది, నేను మా అత్తగారితో చేశా. ఆల్బమ్ ఆవిడ ముందు పెట్టి, ఫోన్లో రికార్డింగ్ ఆన్ చేసి పక్కన పెట్టేసి, "ఇదెవరు అత్తయ్యా" అని అడుగుతూ పోవడమే. "పదో పేజీ, పై వరుస, ఎడమ పక్క" అని నేను గట్టిగా చెప్తా, అప్పుడు తర్వాత వింటే ఏ ఫోటోనో తెలుస్తుంది. ఒక్కో ఫోటోకి ఆవిడ చెప్పేది వింటే, ఆ ఫోటోలో ఉన్నది పావు వంతే అనిపిస్తుంది. ఎవరితో ఎవరు మాట్లాడ్డం మానేశారో, ఆ రోజు ఎవరు అలిగి ఫోటో దిగలేదో, అవన్నీ వస్తాయి.

ఇంకో మాట. మా నాన్న తీసిన ఫోటోల్లో మా నాన్న లేరు. అప్పుడప్పుడు కింద అంచులో నీడ పడింది, అంతే. ఇవాళే కెమెరా ఎవరికైనా ఇచ్చి మీరు దిగండి సార్. ఫోకస్ పోయినా పర్లేదు.

వెలుగునీడ:

చివరివరుస గారు రాసిపెట్టమన్న మాటకి రెండు ఉదాహరణలు గుర్తొచ్చాయి. ఫ్రాన్స్‌లో జాక్ హెన్రీ లార్టిగ్ అనే ఆయన (1894–1986), చిన్నపిల్లాడిగా ఉన్నప్పుడే కెమెరా పట్టాడు, ఇంట్లోవాళ్ళు గెంతడం, గాలిపటాలు, కార్లు, అన్నీ తీసేవాడు. పెద్దయ్యాక తనని తాను పెయింటర్ అనే అనుకున్నాడు, ఫోటోలు తన ఆనందానికే. కానీ ఆల్బమ్‌లలో తన చేత్తో రాసిపెట్టుకున్నాడు, డైరీలో ఆ రోజు తీసిన ఫోటోల బొమ్మలు కూడా చిన్నగా గీసుకునేవాడట. 1963లో న్యూయార్క్ మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్‌లో ప్రదర్శన పెట్టేదాకా ప్రపంచానికి ఆయన ఫోటోలు పెద్దగా తెలీవు, అప్పటికి ఆయనకి డెబ్భై దగ్గర పడ్డాయి. తర్వాత 1979లో మొత్తం ఫ్రాన్స్ ప్రభుత్వానికి ఇచ్చేశాడు.

రెండోది వివియన్ మేయర్. షికాగోలో పిల్లల్ని చూసుకునే ఆయాగా పనిచేసింది, లక్షకి పైగా ఫోటోలు తీసింది, చాలా రీళ్ళు అసలు కడిగించనే లేదు. అద్దె కట్టలేదని ఆమె సామాను దాచుకున్న గది 2007లో వేలం వేస్తే బయటపడ్డాయి, 2009లో ఆమె పోయింది. ఇప్పుడు ప్రపంచమంతా చూస్తోంది, కానీ ఎందుకు తీసిందో, ఎవరికైనా చూపించాలనుకుందో లేదో, ఆమెని అడిగే వీలు ఎవరికీ దొరకలేదు.

ఖాళీఅర గారి డజను లెక్క గురించి కూడా ఒకటి. ఫోటోగ్రఫీని కనిపెట్టినవాళ్ళలో ఒకడైన డాగేర్ 1838లో పారిస్‌లో ఒక వీధి ఫోటో తీశాడు. జనం, బళ్ళు తిరుగుతున్న వీధే, కానీ ఎక్స్‌పోజర్ నిమిషాల తరబడి కాబట్టి కదిలేవేవీ పడలేదు. ఒక మూల ఒకాయన బూట్లు పాలిష్ చేయించుకుంటూ కాస్త సేపు కాలు కదపకుండా నిలబడ్డాడు, ఆయన పడ్డాడు. డాగేర్ తీసింది వీధిని, ఇప్పుడందరూ వెతికేది ఆ మనిషిని. మన ఫోటోల్లో కూడా అంతే, వెనకున్న రేడియో, కిటికీ, గోడ మీద క్యాలెండర్, అప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోనివి. ఏనుగు ఫోటో పారేసే ముందు ఆ ఏనుగు వెనక ఎవరు నిలబడ్డారో చూడండి మరి.

ఖాళీఅర:

సరే, ఏనుగు వెనక మనిషుంటే ఉంచుకోండి. సూర్యాస్తమయాల విషయంలో మాత్రం నేను తగ్గను.

గుర్తుందా:

నేను సైకాలజీ చదువుతున్నా, ఆ ఫ్రెండు అన్నమాట గురించి చెప్తా అంకుల్. దాని మీద నిజంగానే పరిశోధన జరిగింది. లిండా హెంకెల్ అనే ప్రొఫెసర్ 2014లో అచ్చేసిన పేపర్‌లో, మ్యూజియంలో కొన్ని వస్తువులు ఊరికే చూడమని, కొన్ని ఫోటో తీయమని చెప్పి మర్నాడు అడిగితే, ఫోటో తీసినవి తక్కువ గుర్తున్నాయి. మీ ఫ్రెండు ఇక్కడిదాకానే చదివుంటాడు. అదే పేపర్‌లో ఇంకోటుంది, వస్తువులో ఒక భాగాన్ని జూమ్ చేసి తీసినప్పుడు మాత్రం ఆ తగ్గుదల కనపడలేదు, జూమ్ చేయని భాగాలు కూడా గుర్తున్నాయి. 2017లో వేరేవాళ్ళు చేసిన ప్రయోగాల్లోనైతే, తమకి నచ్చింది తామే ఎంచుకుని ఫోటోలు తీసినవాళ్ళకి చూసినవి ఇంకా బాగా గుర్తున్నాయి, కానీ విన్నవి తక్కువ గుర్తున్నాయి.

అంటే లెక్కలు చూసుకుని నొక్కిన మీ రీలు రోజులకి ఆ మాట అంత వర్తించదనే నాకనిపిస్తుంది. పదిసార్లు నొక్కి చూడకుండా జేబులో పెట్టుకునే మా బ్యాచ్‌కి వర్తించొచ్చు. మాటల సంగతి మాత్రం నిజమేమో, అందుకే చివరివరుస ఆంటీ చెప్పిన రికార్డింగ్ ఐడియా నాకు బాగా నచ్చింది.

రెండోకాపీ:

డిజిటల్ వైపు ఎవరూ రాలేదు, నేను చెప్తా. అందరికీ తెలిసిన 3-2-1 పద్ధతే, మూడు కాపీలు, రెండు రకాల మీడియా మీద (హార్డ్ డిస్క్, క్లౌడ్ లాంటివి), ఒకటి ఇంటి బయట. పీటర్ క్రోగ్ అనే ఫోటోగ్రాఫర్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు, మనలాంటి ఫోటో పిచ్చోళ్ళ కోసమే. మీ అబ్బాయి ఒక హార్డ్ డిస్క్ తన ఇంట్లో పెట్టుకుంటే ఇంటి బయట కాపీ అయిపోయినట్టే.

సీడీల్లో ఉన్నవి ఈ వారమే కాపీ చేయండి, మనం ఇంట్లో రాసుకున్న సీడీల్లో డేటా ఉండేది ఒక రంగు పొర మీద, అదీ పాడయ్యేదే. పెన్ డ్రైవ్‌లో దాచి బీరువాలో పెట్టి మర్చిపోవడం కూడా వద్దు, ఏళ్ళ తరబడి కరెంటు తగలకపోతే అందులో డేటా జారిపోవచ్చు. హార్డ్ డిస్క్‌ని ఏడాదికోసారైనా పెట్టి ఫైళ్ళు తెరుచుకుంటున్నాయా చూసుకోవాలి. క్లౌడ్ బ్యాకప్ అనుకుంటారు కానీ ఫోన్‌తో సింక్ అయ్యేది బ్యాకప్ కాదు, ఇక్కడ డిలీట్ చేస్తే అక్కడా పోతుంది.

స్కాన్ చేసిన ఫైల్ తన తారీకు స్కాన్ చేసిన రోజు అనుకుంటుంది, మీ పెళ్ళి ఫోటో నిన్నటి ఫోటోల పక్కన వచ్చి కూర్చుంటుంది. అందుకని ఫైల్ పేరు సంవత్సరంతో మొదలుపెట్టండి, 1987_పేరు_చోటు ఇలా, ఏ కంప్యూటర్‌లో వేసినా వరుసలోనే ఉంటాయి. వీలైతే ఎక్సిఫ్‌లో (ఫోటో ఫైల్ లోపలే ఉండే తారీకు, కెమెరా వివరాలు) కూడా తారీకు మార్చండి. వాట్సాప్‌లో పంపితే మామూలుగా సైజు తగ్గిపోతుంది, ఆ ఎక్సిఫ్ కూడా ఊడిపోతుంది, ఒరిజినల్ పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి.

ఇంకోటి, ఇది మాట్లాడ్డానికి ఇబ్బందే కానీ మాట్లాడాలి. మీ తర్వాత ఆ అకౌంట్ ఎవరు తెరుస్తారు? గూగుల్ రెండేళ్ళు వాడని పర్సనల్ అకౌంట్లు తీసేయొచ్చని 2023లో పాలసీ పెట్టింది, ఫోటోలతో సహా. అందులోనే ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంటుంది, అకౌంట్ కొన్ని నెలలు కదలకపోతే ఎవరికి అందాలో పేరు పెట్టుకోవచ్చు. ఆపిల్‌లో లెగసీ కాంటాక్ట్ అంటారు. అబ్బాయి వచ్చినప్పుడు కూర్చుని పెట్టించేయండి.

పాతరీలు:

అందరికీ చాలా థాంక్స్ అండీ, ఇంత వస్తుందనుకోలేదు. రాత్రి నెగటివ్ కవర్లు తీశాను, ల్యాబ్‌మనిషి గారు చెప్పినట్టే ఒక కట్ట దగ్గర పుల్లటి వాసన వస్తోంది, విడిగా పెట్టేశాను, స్కానింగ్ అక్కణ్ణుంచే మొదలు. ఖాళీఅర గారి మాట విని పూల ఫోటోలు ఒక కవరు పక్కన పెట్టాను, పారేయలేదు, పక్కన పెట్టాను, అంతే.

పేర్ల పని మాత్రం మా ఆవిడ తీసుకుంది. ఎవరు చూస్తారన్న మనిషే, ఆల్బమ్ ముందు పెట్టి రికార్డింగ్ పెట్టేసరికి నాలుగో పేజీ దాటకుండా ఫోన్ బ్యాటరీ అయిపోయేదాకా మాట్లాడింది. నేను తీసిన ఫోటోల గురించి నాకే తెలియని సంగతులు చెప్పింది. ఒక గ్రూప్ ఫోటోలో అందరూ ఎందుకలా పక్కకి చూస్తున్నారో నాకు ఇన్నాళ్ళూ తెలీదు, నేను ఫోకస్ చూసుకుంటుంటే నా వెనక పిల్లి టేబుల్ ఎక్కిందట.

ఒక్క డౌట్ మిగిలింది. స్లైడ్లు. పాత ప్రొజెక్టర్ ఇంకా పనిచేస్తోంది, స్కానింగ్‌కి ముందు పిల్లలు వచ్చినప్పుడు ఒకసారి గోడ మీద వేసి చూపిద్దామనుకుంటున్నా. పర్లేదా?

ల్యాబ్‌మనిషి:

ముందు స్కాన్, తర్వాతే గోడ. స్లైడ్ మౌంట్ మీద, అంటే ఫిల్మ్ చుట్టూ ఉండే చట్రం మీద, ఫిల్మ్ పేరు ఉంటుంది చూడండి. కొడాక్రోమ్ అయితే చీకట్లో దశాబ్దాలు రంగు చెక్కుచెదరదు కానీ ప్రొజెక్టర్ వెలుతురుకి తొందరగా వెలిసిపోతుంది, అదీగాక దుమ్ము తీసే ఇన్‌ఫ్రారెడ్ దానిమీద సరిగ్గా పనిచేయదు, స్కానర్‌లో కొడాక్రోమ్‌కి విడిగా ఆప్షన్ ఉందేమో చూసుకోవాలి. 1935లో వచ్చిన ఫిల్మ్ అది, 2009లో ఆపేశారు. వేరే స్లైడ్ ఫిల్మ్ అయితే లెక్క వేరు. గోడ మీద వేసినా ఒక్కోటీ కొన్ని సెకన్లే ఉంచండి, ఆపి కథలు చెప్పాలనుకుంటే స్కాన్ చేసినవి టీవీలో పెట్టుకోండి. మౌంట్ల మీద ఏముందో చదివి ఇక్కడ పెట్టండి సార్, దాన్నిబట్టి మిగతాది చెప్తా.